కూర్చోలేని సహోదరి
వెన్ను నరాల మీది నీటితిత్తులకు కత్తి లేని వైద్యం

లూకా సువార్త పదమూడవ అధ్యాయంలో నడుము వంగిపోయిన ఒక స్త్రీని గూర్చి మనమందరం చదివాం. పద్దెనిమిది ఏండ్లు ఆమె నిటారుగా నిలువలేకపోయింది. అయినా విశ్రాంతి దినాన సమాజమందిరానికి వచ్చింది. అక్కడ ఎందరో ఉన్నా, ఆమెను చూచి దగ్గరకు పిలిచినవాడు మన ప్రభువే. ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. కాని మా సంఘంలోనే అట్టి సహోదరి ఒకామె ఉన్నదని, ఆమె మందిరానికి రావడం మానుకున్న తరువాత గాని మాకు తెలియలేదు. ఈ మాట సిగ్గుతోనే ఒప్పుకొంటున్నాం.

మేము సేవ చేస్తున్నది పల్నాడులో, గురజాలకూ మాచర్లకూ మధ్యనున్న ఒక పల్లెలో. ఆ సహోదరికి నలభై ఏండ్లుంటాయి. భార్యాభర్తలిద్దరూ మిరప చేలకు కూలికి వెళ్ళేవారు. కోతలైపోయాక ఆమె కల్లాల్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. అట్టి మనిషి అయిదు నెలలుగా ఆరాధనకు రాలేదు. “ఆమె విశ్వాసం చల్లారిపోయిందండీ” అని కొందరు మాతో అన్నారు. మేమూ కొంత అలాగే అనుకున్నాం.

ఒక సాయంత్రం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఆమె నులక మంచం మీద బోర్లా పడుకొని ఉన్నది. మమ్మల్ని చూచి లేచి, గుంజ పట్టుకొని నిలబడింది. “కూర్చోమ్మా” అన్నాం. కూర్చోలేదు. రెండోసారి అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నేను దేవుణ్ణి వదల్లేదయ్యగారూ. చాప మీద కూకోలేక రావట్లేదు. కూకుంటే ముడ్డిపూస కాడ నిప్పులు పోసినట్టుంటది. ఈ మాట అందరిలో ఎట్టా చెప్పను?” అన్నది.

మూడేండ్ల నుండి ఆమెకు ఈ బాధ. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తొక్కించుకున్నది. వాతలు పెట్టించుకున్నది. వారానికొకసారి ఊళ్ళో నొప్పి ఇంజెక్షను చేయించుకున్నది. చివరకు పట్నంలో స్కానింగు తీయిస్తే, ఆ కాగితంలో సిస్టు అని వ్రాసి వచ్చింది. చదువుకున్న బంధువొకాయన దానిని “గడ్డ” అని చెప్పాడు. గడ్డంటే క్యాన్సరని ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆపరేషను చేయించకపోతే కాళ్ళు పడిపోతాయని మరొకరు అన్నారు. ఉన్న అరెకరం బేరం పెట్టడానికి భర్త సిద్ధమయ్యాడు. మేము వెళ్ళేటప్పటికి కొనేవాడు వచ్చి చూచి వెళ్ళాడు కూడా.

మేము ఆ కాగితం తీసుకొని, భూమి సంగతి రెండు వారాలు ఆపమని చెప్పి, ఆమెను గుంటూరులో నరాల వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్ళాం. అక్కడా, తరువాతా మేము నేర్చుకున్న సంగతులు మన కుటుంబాలలో మరికొందరికి ఉపయోగపడతాయని తలంచి ఇది వ్రాస్తున్నాం. ఆమె పేరు వ్రాయడం లేదు. వ్రాయడానికి మాత్రం ఆమె సంతోషంగా ఒప్పుకొన్నది.

ఏమిటీ నీటితిత్తి?

“అమ్మా, ఇది క్యాన్సరు కాదు. ఇందులో ఉన్నది నీళ్ళు” అన్నారు డాక్టరుగారు. ఆ ఒక్క మాటకు ఆమె మొగుడు గోడకానుకొని కూలబడ్డాడు.

మన మెదడు, వెన్నుపాము తేటనీటి వంటి ఒక ద్రవంలో ఉంటాయి. వెన్నుపాము నుండి నరాలు చెట్టు వేళ్ళలాగా ఇరుప్రక్కలకు చీలి బయటకు వస్తాయి. ప్రతి వేరుకూ ఒక పలుచని తొడుగు ఉంటుంది. కొందరిలో ఆ తొడుగు పొరల మధ్యకు ఈ ద్రవం చేరి బుడగలాగా ఉబ్బుతుంది. ఇది ఎక్కువగా నడుము క్రింద, తుంటి ఎముకల నడుమనుండే త్రికాస్థిలో వస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ద్రవం లోపలికి వెళ్తుంది గాని అంత తేలికగా వెనుకకు రాదు. సైకిలు ట్యూబు వాల్వులాంటి ఏర్పాటన్నమాట. ఏండ్లు గడిచేకొద్దీ తిత్తి పెరిగి ప్రక్కనున్న నరాలను నొక్కుతుంది. ఒక్కొక్కసారి ఎముకను కూడా అరగదీస్తుంది.

దీనిని మొదట కనిపెట్టి వ్రాసినవారు ఐజడోర్ టార్లోవ్ అనే అమెరికా వైద్యుడు. 1938లో ఆయన కెనడాలోని మాంట్రియల్ నరాల వైద్య సంస్థలో మృతదేహాలను పరీక్షిస్తూ వీటిని చూచారు. అందుకే నేటికీ వీటిని టార్లోవ్ సిస్టులంటారు. మొదట ఆయన వీటివల్ల హాని లేదనే అనుకున్నారు. అయితే 1948 నాటికి కాలులోకి దిగే నొప్పికి ఇవి కూడా ఒక కారణం కాగలవని మరొక వ్యాసం వ్రాశారు.

ఆ మాంట్రియల్ సంస్థకూ మన క్రైస్తవ వైద్యసేవకూ ఒక సంబంధం ఉన్నది. కేరళ క్రైస్తవుడైన డాక్టర్ జేకబ్ చాందీ బహ్రెయిన్‌లోని మిషను ఆసుపత్రిలో పని చేసి, తరువాత అదే సంస్థలో డాక్టర్ పెన్‌ఫీల్డ్ యొద్ద శిక్షణ పొందారు. 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశంలోనే మొట్టమొదటి మెదడు, నరాల శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. మన ప్రాంతం నుండి రైలెక్కి వెల్లూరు వెళ్ళి వచ్చిన తాతలు, తండ్రులు చాలా ఇండ్లలో ఉన్నారు గనుక ఈ మాట జ్ఞాపకం చేస్తున్నాం.

కాగితంలో ఉన్నంత మాత్రాన భయపడవద్దు

ఎం.ఆర్.ఐ. స్కానింగు వచ్చిన తరువాత ఈ తిత్తులు చాలామందిలో కనబడసాగాయి. 1994లో అమెరికా వైద్యులు నడుము స్కానింగు తీయించుకున్న 500 మంది చిత్రాలను వరుసగా పరీక్షించారు. వారిలో 23 మందికి తిత్తులున్నాయి. తిత్తి వల్ల బాధపడుతున్నవారు మాత్రం అయిదుగురే. అంటే తిత్తి కనబడినవారిలో నలుగురైదుగురికి ఒకరు మాత్రమే. మిగతావారు దానితోనే నిశ్చింతగా బ్రదుకుతున్నారు.

కాబట్టి నడుము నొప్పి ఉన్నది, కాగితంలో తిత్తి ఉన్నది అంటే, నొప్పికి కారణం తిత్తేనని రూఢి కాదు. నడుము నుండి కాలులోకి నొప్పి దిగడానికి, వెన్నుపూసల నడుమనుండే డిస్కు జారడమే ఎక్కువ సామాన్యమైన కారణం. మన దేశంలో వెన్నుపూసలకు క్షయ కూడా వస్తుంది. ఫ్లోరైడు నీళ్ళు త్రాగే ఊళ్ళలో ఎముకలు గట్టిపడి నరాలను నొక్కవచ్చు. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని మొట్టమొదట 1937లో వివరించినది మన పొరుగునే, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పల్నాడులోనూ కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నది. స్త్రీలలో గర్భసంచి వ్యాధులు కూడా నడుము క్రింద నొప్పి తెస్తాయి. ఇవన్నీ చూడకుండా తిత్తి మీద నింద వేస్తే అసలు వ్యాధి లోపల పెరుగుతూనే ఉంటుంది.

తిత్తి వల్ల వచ్చే నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. కూర్చున్నా, చాలాసేపు నిలబడినా నొప్పి పెరుగుతుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ముక్కినప్పుడు, బరువెత్తినప్పుడు మెరుపు కొట్టినట్లుంటుంది. పడుకుంటే తగ్గుతుంది. పిరుదులలో, తొడ వెనుక, పాదంలో మంట, తిమ్మిరి ఉంటాయి. మూత్రం తరచుగా రావడం, లేదా సరిగా రాకపోవడం, మలబద్ధకం, భార్యాభర్తల కలయికలో నొప్పి కూడా ఉండవచ్చు. ఇది పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ. తిత్తి ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే అది బాధించే అవకాశం ఎక్కువని వైద్యులు తలుస్తారు.

మా సహోదరి వీటిలో సగం ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు మమ్మల్ని బయటకు పంపి, ఒక లేడీ డాక్టరుగారిని పిలిపించిన తరువాతే మూత్రం సంగతి చెప్పింది. తల్లులారా, అక్కలారా, ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు. మీరు దాచిన ఆ ఒక్క మాటే వైద్యునికి దారి చూపవచ్చు.

మొదటి మెట్టు: మందు, వ్యాయామం, కూర్చునే తీరు

ఆమె తిత్తి రెండు సెంటీమీటర్లకు పైనే ఉన్నది. రక్తపరీక్షలు చేశారు. మూత్రం పోసిన తరువాత సంచిలో ఎంత మిగిలి ఉన్నదో స్కానింగులో చూచారు. కాళ్ళ బలం, స్పర్శ పరీక్షించారు. అన్నీ అయ్యాక డాక్టరుగారు, “తిత్తి వల్లనే అని నాకు తోస్తున్నది. కాని ఇప్పుడు కత్తి అవసరం లేదు. మూడు నెలలు నేను చెప్పినట్టు చేయండి” అన్నారు.

కత్తి వద్దనడానికి కారణం కూడా చెప్పారు. ఈ తిత్తి గోడలోనూ, లోపలా నరపు పోగులే ఉంటాయి. కణితిని కోసి పారేసినట్లు దీనిని తీసివేస్తే నరమే తెగవచ్చు. ఆపరేషను తరువాత ద్రవం కారిపోయే ప్రమాదం కూడా ఉన్నది. అనుభవజ్ఞులైన శస్త్రవైద్యులు ఈ ఆపరేషను చేసి మేలు చేసినవారున్నారు. అయితే అది చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

నొప్పి బిళ్ళల విషయంలో ఆయన కోప్పడ్డారు. డైక్లోఫెనాక్ వంటివి నెలల తరబడి మ్రింగినా, ఇంజెక్షను చేయించుకున్నా కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. పైగా అవి నరపు మంటకు అంతగా పని చేయవు. నరపు నొప్పికి వేరే మందులున్నాయి. గాబాపెంటిన్, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్ అనేవి అట్టివి. వాటిని రాత్రిపూట తక్కువ మోతాదుతో ప్రారంభించి మెల్లగా పెంచుతారు. మొదట మత్తు, తల తిరగడం ఉంటాయి గనుక బండి నడపరాదు, మద్యంతో కలపరాదు. గర్భిణులు ముందుగా చెప్పాలి. హఠాత్తుగా మానరాదు. ఇవి వైద్యుడు వ్రాసి ఇవ్వవలసిన మందులే గాని, ఈ పత్రిక చూచి షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

రెండవది వ్యాయామం. ఫిజియోథెరపీ చేసేవారు ఆమెకు నడక, పడుకొని చేసే మెత్తని వ్యాయామాలు నేర్పారు. నడుము తొక్కించడం, విరిపించడం, బలంగా మర్దన చేయించడం పూర్తిగా మానమన్నారు. చర్మం మీద పెట్టి సన్నని కరెంటు పంపే చిన్న యంత్రం కూడా కొందరికి ఉపశమనమిస్తుంది.

మూడవది కూర్చునే తీరు. నేల మీద, గట్టి పీట మీద గంటల తరబడి కూర్చోరాదు. పాత దుప్పటి మడిచి రెండు దిండ్లుగా కుట్టి, ముడ్డిపూస దగ్గర ఖాళీ వచ్చేటట్లు వేసుకోవాలి. అరగంటకొకసారి లేవాలి. మిరప మూటలు, నీళ్ళ బిందెలు ఎత్తరాదు. మలబద్ధకం రానీయకూడదు, ఎందుకంటే ముక్కినప్పుడల్లా తిత్తిలో ఒత్తిడి పెరుగుతుంది. జొన్న, రాగి, ఆకుకూరలు తిని, నీళ్ళు బాగా త్రాగాలి.

ఇంట్లో వీటిని జరిపించడం చెప్పినంత తేలిక కాదు. బిందె ఎవరు ఎత్తాలి? తొడిమల కూలి పోతే ఇల్లు ఎలా గడవాలి? ఆమె భర్త నీళ్ళు మోయడం మొదలుపెట్టాడు. వీధిలో నలుగురు నవ్వినా మానలేదు. మేము ఎన్ని ప్రసంగాలు చేసినా ఆ వీధికి అంత మేలు చేయలేకపోయాం.

మూడు నెలలకు నొప్పి దాదాపు సగం తగ్గింది. చాలామందికి ఇంతటితోనే చాలును. కాని ఆమె పావుగంటకు మించి కూర్చోలేకపోయింది. రాత్రులు నిద్ర లేదు.

రెండవ మెట్టు: సూది

అప్పుడు రెండవ మెట్టు చెప్పారు. సి.టి. స్కానింగు యంత్రంలో రోగిని బోర్లా పడుకోబెట్టి, ఆ చోట మాత్రమే మత్తుమందు ఇచ్చి, చిత్రంలో చూస్తూ సన్నని సూదిని తిత్తిలోనికి పంపి నీటిని తీస్తారు. నొప్పి తగ్గితే కారణం తిత్తేనని తెలుస్తుంది. తగ్గకపోతే వేరే కారణం వెదకాలి. అంటే ఇది కొంత వైద్యం, కొంత పరీక్ష.

ఆమెకు అలా తీసిన నీరు బావినీళ్ళలా తేటగా ఉన్నదట. ఆ సాయంత్రమే ఆమె మంచం అంచున కూర్చుని అన్నం తిన్నది. ఆ ఆదివారం మేము ఆమె చేత సాక్ష్యం చెప్పించాం. సంఘమంతా స్తుతించింది.

అయిదవ వారం నొప్పి మళ్ళీ వచ్చింది.

ఆ దినాలు మాకు బరువైనవి. “అంత సాక్ష్యం చెప్పింది, మరి విశ్వాసం ఏమైంది?” అని గుసగుసలు వినబడ్డాయి. మేము తొందరపడి ఆమెను ముందు నిలువబెట్టినందుకు బాధపడ్డాం. డాక్టరుగారి యొద్దకు వెళ్తే ఆయన తొణకలేదు. “ఇలా అవుతుందని ముందే చెప్పాను గదా. దారి తెరిచి ఉన్నంతకాలం నీరు తిరిగి చేరుతుంది. కాని ఇప్పుడు మనకు కారణం రూఢి అయింది” అన్నారు. నిజమే, ఆయన చెప్పారు. సంతోషంలో మేమే వినలేదు. ఇంతకుముందు చెప్పిన 1994 నాటి పరిశీలనలో కూడా నీరు తీసిన తరువాత ఉపశమనం మూడు వారాల నుండి ఆరు నెలల వరకే నిలిచింది.

నీరు తిరిగి చేరకుండా ఏం చేయాలి? అందుకు వైద్యులు కనిపెట్టిన ఉపాయం ఫిబ్రిన్ జిగురు. మనకు గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టి గాయాన్ని మూస్తుంది గదా. అలా గడ్డకట్టించే రెండు పదార్థాలు ఫిబ్రినోజెన్, త్రాంబిన్. మానవ రక్తం నుండి వాటిని వేరుచేసి శుద్ధి చేస్తారు. తిత్తిలోని నీటిని తీసి, ఆ రెంటినీ కలిపి లోపలికి ఎక్కిస్తే త్వరలోనే జిగురులా గట్టిపడి ఖాళీని నింపుతుంది. 1997లో అమెరికా వైద్యులు ఈ పద్ధతిని నలుగురి మీద చేసి ప్రకటించారు. ఆ తొలి దినాలలో కొందరికి జ్వరం, మెడ పట్టివేయడం వంటి బాధలు వచ్చాయి.

తరువాత పద్ధతి మెరుగుపడింది. ఒక సూదికి బదులు రెండు సూదులు వాడతారు. లోతుగా వెళ్ళిన సూది నీటిని తీస్తుంది, పైనున్న సూది గాలి ఆడనిస్తుంది. అందువల్ల లోపలి నరపు పోగుల మీద లాగుడు పడదు. నీరు తీసిన వెంటనే తిత్తి మళ్ళీ వేగంగా నిండితే దాని దారి వెడల్పుగా ఉన్నదని గ్రహించి జిగురు వేయరు. వేస్తే అది వెన్ను ద్రవంలోనికి జారవచ్చు. 2016లో డాక్టర్ కీరన్ మర్ఫీ, ఆయన తోటివారు ఈ విధంగా వైద్యం పొందిన 213 మంది ఫలితాలు ప్రకటించారు. ఏడాదిపాటు పరిశీలించినవారిలో సగానికి పైగా చాలా మంచి ఉపశమనం పొందారు. మొత్తం మీద పదిమందిలో ఎనిమిదిమంది తృప్తి చెందారు. ఏండ్లు గడిచేసరికి ఆ సంఖ్య కొంత తగ్గింది. అంటే ఇది అందరికీ పని చేసే మందు కాదు. పని చేసినవారిలో కూడా కొందరికి నొప్పి తిరిగి రావచ్చు. అందుచేత ఎవరైనా “నూటికి నూరు శాతం గ్యారంటీ” అని చెబితే జాగ్రత్తపడండి.

ఒక పెద్ద పట్నంలో, స్కానింగు చూస్తూ సూదితో వైద్యం చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ విభాగంలో ఆమెకు ఈ వైద్యం జరిగింది. ముందురోజు డాక్టరుగారు ఆమెకూ భర్తకూ తెలుగులో అన్నీ చెప్పి సంతకం తీసుకొన్నారు. తలనొప్పి రావచ్చు, కొన్నాళ్ళు కాలు తిమ్మిరెక్కవచ్చు, నరానికి హాని, చీము పట్టడం అరుదుగా జరగవచ్చు, అసలు తగ్గకపోవచ్చు అన్నారు. ఆమెకు రెండు రోజులు తలనొప్పి, వారం రోజులు కాలులో జివ్వుమనడం ఉన్నాయి. తరువాత మెల్లమెల్లగా, నెల మీద నెల, నొప్పి తగ్గింది. ఈసారి మేము తొందరపడి సాక్ష్యం చెప్పించలేదు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. నొప్పి పూర్తిగా పోలేదు. మునుపటి దానిలో పావు వంతు ఉన్నదని ఆమె అంటుంది. తొడిమల పనికి వెళ్ళడం లేదు. ఇంటి దగ్గర గేదెను చూచుకొంటున్నది. అరెకరం అమ్మలేదు. స్త్రీల సమాజం వారు వేసిన చందా కొంత, బంధువులిచ్చిన అప్పు కొంత వాడుకొన్నారు. ఆ అప్పు ఇంకా తీరుస్తున్నారు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

కత్తి లేని వైద్యాన్ని గూర్చి ఇంత వ్రాసినా, ఈ క్రింది గుర్తులుంటే ఇంట్లో ఆగకూడదు.

మూత్రం బిగుసుకొని రాకపోవడం, లేదా తెలియకుండా మూత్రం, మలం పోవడం. కూర్చునే భాగమంతా మొద్దుబారడం. కాలు, పాదం బలం తగ్గుతూ పోవడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ దినమే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోను చేయండి. నరాలు నలిగిపోతున్నప్పుడు గంటలే లెక్క. అట్టి సమయంలో ఆపరేషనే వారిని కాపాడవచ్చు.

జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా చిక్కిపోవడం, పడుకున్నా తగ్గక రాత్రంతా పీడించే నొప్పి, క్రింద పడిన తరువాత వచ్చిన నొప్పి, మునుపు క్యాన్సరు వచ్చినవారికి వచ్చిన కొత్త నొప్పి ఉంటే త్వరగా పెద్ద డాక్టరుకు చూపించండి.

ఎక్కడికి వెళ్ళాలి, ఏమి అడగాలి?

మొదట నరసరావుపేట వంటి చోట ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొని, వారు వ్రాసి ఇచ్చిన చీటీతో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని, మంగళగిరి ఎయిమ్స్‌కు గాని వెళ్ళవచ్చు. ఎం.ఆర్.ఐ. కాగితంతోపాటు ఫిల్ము, సి.డి. కూడా తీసుకొని వెళ్ళండి. కాగితం చూచి చెప్పడం వేరు, చిత్రం చూచి చెప్పడం వేరు. మందుల చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకోండి.

డాక్టరుగారిని మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా నొప్పికి తిత్తే కారణమా, వేరే కారణం ఉన్నదా? సూది, కత్తి లేకుండా ముందు ఏం చేయవచ్చు, ఎన్ని నెలలు చూడాలి? సూది వైద్యం మీరు ఎంతమందికి చేశారు? చేయకపోతే ఏమవుతుంది?

ఖర్చు ముందుగానే కాగితం మీద వ్రాయించుకోండి. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో మీ వైద్యం వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఇవన్నీ తెలిసేదాకా పొలం అమ్మకండి. ప్రాణాపాయపు గుర్తులు లేకపోతే ఈ తిత్తికి కొన్ని వారాలు ఆగి ఆలోచించే వ్యవధి ఉంటుంది.

ప్రార్థనా, వైద్యమా?

ఈ ప్రశ్న మా సంఘంలోనూ వచ్చింది. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్లే అని ఒక సహోదరుడు అన్నాడు. ఆయనకు మేము గురజాల చరిత్ర జ్ఞాపకం చేశాం. 1842లో గుంటూరుకు వచ్చిన హేయర్ దొరగారు స్వదేశానికి తిరిగి వెళ్ళి, యాభై ఏండ్లు దాటిన వయసులో 1847లో వైద్యపట్టా పుచ్చుకొన్నారు. మళ్ళీ మన దేశానికి వచ్చి 1849లో గురజాలలో సేవ ప్రారంభించారు. ప్రార్థనతోనే సరిపోతుందనుకుంటే ఆ వయసులో ఆయన బడిలో కూర్చోవలసిన పని లేదు. లూకా వైద్యుడు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకొన్నాడు, ముల్లు పోలేదు, కృప దొరికింది. ఆ పౌలే తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో వ్రాశాడు. స్వస్థత దేవునిది. అది ఒకరికి ఒక దినంలో, మరొకరికి మూడు నెలల మందుతో, ఇంకొకరికి పావు వంతు నొప్పి మిగిలి కూడా వస్తుంది. ఎవరి విశ్వాసాన్నీ ఎవరి నొప్పితోనూ కొలవవద్దు.

ఈ తిత్తి బయటికి కనబడదు. కట్టు ఉండదు, వాపు ఉండదు. పడుకొని ఉంటే సోమరి అంటారు, రాకపోతే చల్లారిపోయింది అంటారు. లోపలి నొప్పి కంటే ఈ మాటలే ఎక్కువ బాధించాయని మా సహోదరి చెప్పింది. గనుక సంఘ పెద్దలారా, ఎవరైనా నాలుగు ఆదివారాలు కనబడకపోతే ముందు వెళ్ళి చూచి, తరువాత మాట్లాడదాం.

మా మందిరంలో ఇప్పుడు వెనుక గోడ ప్రక్కన రెండు కుర్చీలు, ఒక మంచం వేశాం. ఆరాధనలో ఎవరైనా నిలబడవచ్చు, నడువవచ్చు, పడుకొని కూడా వాక్యం వినవచ్చు. మొన్న ఆదివారం ఆ సహోదరి తన మడత దిండు మీద కూర్చుని ప్రసంగమంతా విన్నది. మధ్యలో రెండుసార్లు లేచి నిలబడింది. ఎవరూ తిరిగి చూడలేదు.

వంగిపోయిన కుమార్తెను చూచిన ప్రభువు మన కన్నులు కూడా తెరచును గాక. ఆమేన్.